పుట్టు వెంట్రుకలకు ముందు ఒక్క ఫొటో

మధ్యాహ్నం పన్నెండున్నరకు మా స్టూడియో ముందు ఆటో ఆగింది. ఏడుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్లాడు దిగారు. ఒక్క ఆటోలో అంతమంది ఎలా పట్టారని అడక్కండి, మా తెనాలిలో పడతారు. పిల్లాడికి పదకొండో నెల. ఆ రాత్రికే తిరుపతి రైలు. ఎల్లుండి పొద్దున కొండ మీద కల్యాణకట్టలో పుట్టు వెంట్రుకలు ఇచ్చేస్తారు. ఈలోపు ఆ జుట్టుతో ఒక ఫొటో కావాలి.

మామూలుగా కూచోబెట్టి తీసే ఫొటో కాదు. పట్టు పరికిణీ, సవరం కలిపి అల్లిన పూలజడ, పాపిటబిళ్ళ, వడ్డాణం, బుగ్గన దిష్టిచుక్క. మగపిల్లాడికి గుండు చేయించే ముందు ఆడపిల్లలా ముస్తాబు చేసి ఫొటో తీయించి దాచుకోవడం మన వైపు చాలా ఇళ్ళల్లో ఉన్నదే. నాదీ ఒకటుంది. పెళ్ళైన వారానికి మా అమ్మ మా ఆవిడ చేతిలో పెట్టిన మొట్టమొదటి ఫొటో అదే.

పంతొమ్మిదేళ్ళుగా ఈ స్టూడియో నేనే చూసుకుంటున్నాను. అంతకుముందు నాన్న చూసేవారు. నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళు చిన్నపిల్లల ఫొటోలంటే తప్పించుకు తిరిగాను. పెళ్ళిళ్ళు హాయి. పెళ్ళికొడుకు ఆ ఒక్క రోజైనా మనం చెప్పినట్టు వింటాడు. తలంబ్రాల ఫొటో సరిగ్గా రాకపోతే ఇంకో రెండు దోసిళ్ళు పోయించుకోవచ్చు. పసివాడితో ఆ బేరాలు కుదరవు. అందులోనూ ఇది మళ్ళీ తీద్దాంలే అనడానికి వీల్లేని ఫొటో.

అన్నీ తెలిసి కూడా ఆ రోజు మొదటి గంట నేను చేసినవన్నీ తప్పులే.

పిల్లాడికి పదింటికే పరికిణీ కట్టేశారు. జడ కుట్టడానికి గంటన్నర పట్టిందట. పొద్దుటి కునుకు తప్పింది, పాల వేళ దాటింది, మెడ దగ్గర జరీ గుచ్చుకుంటోంది. ఇవన్నీ ముందు అడగాల్సిన మాటలు. నేను అడగలేదు. రైలు టెన్షన్ వాళ్ళది, అది నాకూ అంటుకుంది. వెంటనే సింహాసనం కుర్చీ లాగాను, వెనకాల ఎర్ర తెర దించాను, రెండు వైపులా సాఫ్ట్‌బాక్సులు వెలిగించాను. వాళ్ళమ్మ పిల్లాణ్ణి కుర్చీలో కూచోబెట్టి పక్కకి జరిగింది. నేను కెమెరా కంటికి ఆనించి ఒకటి నొక్కాను.

ఫ్లాష్ పడగానే వాడు ఏడవలేదు. ముందు కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత కింది పెదవి మెల్లగా ముందుకొచ్చింది, గడ్డం మీద నారింజ తొక్కలాగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ఊపిరి లోపలికి లాగాడు. ఆ లాగిన ఊపిరి బయటికి రావడానికి రెండు సెకన్లు పట్టింది. ఈ పని చేసే ఎవరికైనా ఆ రెండు సెకన్లు బాగా తెలుసు. ఆ తర్వాత వచ్చిన కేకకు ఎదురుగా టీ కొట్టు అతను తొంగి చూశాడు.

ఇక ఏడుగురూ రంగంలోకి దిగారు. నాయనమ్మ చిటికెలు, తాతగారు చేతికర్రతో నేల మీద తాళం, బాబాయి పిల్లిలా మ్యావ్, మేనత్త ఫోన్‌లో చిన్నపిల్లల పాటలు, ఇంకెవరో వెనకనుంచి విజిల్. "చిన్నీ ఇటు చూడు, ఇటు ఇటు, అంకుల్ని చూడు!" ఏడు దిక్కుల నుంచి ఏడు గొంతులు. పిల్లాడు ఎవరి వైపు చూడాలి? అందరి వైపూ చూశాడు, ఒక్క లెన్స్ వైపు తప్ప. నలభై మూడు ఫొటోలు తీశాను. తర్వాత కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఒక్కదాంట్లోనూ రెండు కళ్ళూ ఒక చోట నిలబడలేదు.

నన్నడిగితే పిల్లల ఫొటోల్లో కష్టం పిల్లలతో రాదు. ఫొటోగ్రాఫర్ వీపు వెనకాల నిలబడ్డ బంధువర్గంతో వస్తుంది. ఆ కష్టంలో సగం వాటా ఫొటోగ్రాఫర్‌ది కూడా. అది నాకు చాలా ఆలస్యంగా, నాన్న పాత కెమెరా వల్ల తెలిసింది.

నాన్నది యాషికా. పైన ఒకటి, కింద ఒకటి రెండు లెన్సులుండే పెట్టె కెమెరా. పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి, పై మూతలో గాజు మీద పడే బొమ్మను చూసేవారు. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. పిల్లాడు కుడికి జరిగితే గాజు మీద ఎడమకు జరుగుతాడు. నేను చిన్నప్పుడు చూస్తే కళ్ళు తిరిగేవి, ఆయన చేయి మాత్రం ఎప్పుడూ తడబడలేదు. ఒక రోలుకు పన్నెండే ఫొటోలు. పసివాళ్ళకు మూడుకు మించి ఖర్చు పెట్టేవారు కాదు. ఆ మూడింట్లో ఒకటైనా బాగా వచ్చేది.

ఎలా వచ్చేదో నాకు అంతు పట్టేది కాదు. చేతిలో డిజిటల్ కెమెరా ఉంది, సెకనుకు ఎనిమిది తీస్తుంది, నాకెందుకు రావట్లేదు? ఒకరోజు ఆ యాషికాను తుడిచి షోకేసులో పెడుతూ అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. కెమెరా పొట్ట దగ్గరుంది, నా మొహం మొత్తం కనిపిస్తోంది. తర్వాత నా కెమెరా తీసి కంటికి ఆనించాను. మొహం మాయం. మనిషి మెడ మీద నల్లటి పెట్టె, మధ్యలో పెద్ద గాజు కన్ను. ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చేసరికి పిల్లలకు కొత్త ముఖాలంటేనే బెరుకు. ఆ కొత్త ముఖం కూడా మాయమై దాని చోట అదొకటి ప్రత్యక్షమైతే ఏడవరా మరి?

ఆ మర్నాటి నుంచి కెమెరా వెనక స్క్రీన్ పైకి తిప్పుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని తీస్తున్నాను. ఇప్పటి కెమెరాలు కన్ను ఎక్కడుందో వాటంతటవే పట్టుకుంటాయి గనుక ఫోకస్ గురించి అంత దిగులు లేదు. నేను పిల్లాడి మొహంలోకి చూస్తుంటాను, వాడు నా మొహంలోకి చూస్తుంటాడు, బొటనవేలు దాని పని అది చేసుకుపోతుంది. ఎత్తు కూడా కలిసొస్తుంది. నిలబడి తీస్తే పిల్లలందరూ పెద్ద తల, చిన్న కాళ్ళతో మరుగుజ్జుల్లా వస్తారు.

ఇన్ని తెలిసినవాణ్ణి ఆ రోజు ఎందుకు నిలబడ్డానంటే, సింహాసనం కుర్చీ ఎత్తు. అది వాళ్ళడిగారు. కాదనలేకపోయాను.

ఒంటిగంటన్నరకు కెమెరా పక్కన పెట్టేశాను. "అమ్మా, బాబుకి బట్టలు మార్చి పాలు పట్టండి. లోపల మేకప్ గదిలో ఫ్యాన్ ఉంది, పడుకోబెట్టండి. ఎంతసేపు పడుకుంటే అంతసేపు" అన్నాను. నాయనమ్మగారికి నచ్చలేదు. "జడ నలిగిపోతుంది నాయనా, గంటన్నర కుట్టాం." "నలగనివ్వండి మామ్మగారూ, ఏడ్చే మొహానికి జడెంత బాగుంటే మాత్రం ఏం లాభం?" ఆవిడ నా వైపు ఒక చూపు చూసి కూచున్నారు. మిగిలినవాళ్ళని భోజనానికి పంపాను. బాబాయి వెళ్ళనన్నాడు, మ్యావ్ మీద ఆయనకు ఇంకా నమ్మకం ఉంది. ఆయన్నీ పంపాను.

పిల్లాడు పడుకున్నాక వాళ్ళమ్మ మెల్లగా అడిగింది. "ఫ్లాష్ పసిపిల్లల కళ్ళకు మంచిది కాదంటారు, నిజమేనా అన్నయ్యా?" చాలామంది అడిగే ప్రశ్నే. మామూలు ఫ్లాష్ వల్ల కంటికి దెబ్బేమీ లేదనే కంటి డాక్టర్లు చెబుతారు, ఉలిక్కిపడటం మాత్రం నిజం అని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను, ఇది ప్రతి తల్లికీ చెబుతాను. ఫోన్‌లో ఫ్లాష్‌తో తీసినప్పుడు కళ్ళలో ఎర్ర చుక్కలు పడితే ఫర్వాలేదు. ఒక కంట్లో ఎర్రగా, ఇంకో కంట్లో తెల్లగా మెరుపు పదే పదే వస్తుంటే మాత్రం కంటి డాక్టరుకు చూపించాలి. చాలాసార్లు పిల్లాడు పక్కకు చూడటం వల్లే అలా పడుతుంది. అరుదుగా కంటి వెనక పొర రెటీనాలో వచ్చే క్యాన్సర్‌కూ అదే మొదటి గుర్తు. ఒకసారి నేనే ఒక పాప ఫొటోలో చూసి పంపించాను. ఏమీ లేదని తేలింది. వాళ్ళు తిడతారనుకున్నాను, అరటిపళ్ళు తెచ్చిచ్చారు.

ఈలోపు ఇంకో కుటుంబం వచ్చింది. రెండు నెలల పాప, పాస్‌పోర్ట్ ఫొటో. తండ్రి డల్లాస్‌లో ఉంటాడు, తల్లీ బిడ్డా వెళ్ళాలి. పెద్దవాళ్ళకైతే పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే ఫొటో తీస్తారు గానీ, నాలుగేళ్ళు నిండని పిల్లలకు మనమే తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించి పట్టుకెళ్ళాలి. కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, మొహం నేరుగా ఉండాలి, పట్టుకున్నవాళ్ళ వేళ్ళు కనపడకూడదు, నీడ పడకూడదు. రెండు నెలల పాపకు ఈ రూల్స్ ఎవరు చదివి వినిపించాలి?

నా పద్ధతి సులువే. గుమ్మం దగ్గర నేల మీద బొంత, దాని మీద ముడతల్లేకుండా తెల్ల దుప్పటి. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, వెలుతురు రాని వైపు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెడతాను, నీడ తేలికవుతుంది. ఈ ఒక్క ఫొటోకి మాత్రం నిలబడి, వంగి, పైనుంచి తీయాలి. కెమెరా బెల్టు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకోకుండా ఎప్పుడూ తీయను. తల నిలిపే వయసు పిల్లలైతే తల్లి మీద తెల్ల దుప్పటి కప్పి, ఆవిడ ఒళ్ళో కూచోబెడతాను. ఇదేదో నేనే కనిపెట్టాననుకుని కొన్నాళ్ళు గొప్పలు పోయాను. తర్వాత తెలిసింది, 19వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా స్టూడియోల్లో తల్లుల్ని ఇలాగే గుడ్డ కప్పి కుర్చీలా కూచోబెట్టేవారట. అప్పుడు ఒక్క ఫొటోకి పిల్లలు సెకన్ల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది.

పాపతో పది నిమిషాల్లో అయిపోయింది. అమ్మమ్మగారితో అరగంట. బుగ్గన దిష్టిచుక్క తుడవాలన్నాను. ఆవిడ ససేమిరా అన్నారు. చివరికి బుగ్గది తుడిచి, అరికాలికి ఇంకాస్త పెద్దది పెట్టుకునేలా ఒప్పందం కుదిరింది.

నేల మీద బొంత గురించి ఒక సంగతి చెప్పాలి. నాన్న రోజుల్లో పసిపిల్లలకు ఒక ఎత్తు బల్ల ఉండేది. పాత ఇళ్ళల్లో గోడ మీద చూసే ఉంటారు, బట్టల్లేకుండా బోర్లా పడుకుని తలెత్తి చూసే బాబు ఫొటో. ఆ ఫొటోలన్నిట్లో పిల్లల వయసు ఇంచుమించు ఒకటే, నాలుగైదు నెలలు. దానికి కారణం ఉంది. అప్పటికి మెడ నిలుస్తుంది, మోచేతుల మీద లేస్తారు, పాకడం ఇంకా రాదు. పెట్టిన చోట ఉంటారు. అయిదు వందల వాట్ల బల్బుల వెలుతురులో, అప్పటి ఫిల్ముతో, కదిలే పిల్లాణ్ణి తీయడం గగనం. కాబట్టి కదలలేని నెల చూసి తీసేవారు.

ఆ బల్ల నాకు వారసత్వంగా వచ్చింది. పదేళ్ళ కిందట ఒక నాలుగు నెలల బాబుని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టాం. ఇంకా బోర్లా పడట్లేదని వాళ్ళే చెప్పారు. నేను లైటు సరిచేద్దామని ఇటు తిరిగాను. తల్లి సంచిలోంచి టోపీ తీస్తోంది. ఏం శబ్దమూ రాలేదు. ఆవిడకు ఏమనిపించిందో గానీ చటుక్కున చెయ్యి చాపింది. తిరిగి చూసేసరికి పిల్లాడు బల్ల అంచున, ఆవిడ అరచేతిలో, బోర్లా. వాడు బోర్లా పడటం అదే మొదటిసారి. మర్నాడు వాళ్ళింట్లో బొబ్బట్లు చేశారు. బోర్లా పడితే బొబ్బట్లు కదా, ఆనవాయితీ. నాకూ రెండు పంపారు. నాకు గొంతు దిగలేదు. ఆ సాయంత్రమే బల్లని వడ్రంగి కొట్టుకి ఇచ్చేశాను. నాన్న ఏమీ అనలేదు.

మూడున్నరకు పరికిణీ పిల్లాడు లేచాడు. లేవగానే కెమెరా ముట్టుకోలేదు. వాళ్ళమ్మ ఒళ్ళో ఇంకో పావుగంట కూచున్నాడు. నేను రెండు గజాల దూరంలో నేల మీద కూచుని, వాడి వైపు చూడకుండా, ఖాళీ ఫిల్ము డబ్బాలో నాలుగు కందిపప్పు గింజలు వేసి మూత పెట్టి, తీసి, పెట్టాను. నాన్న మిగిల్చిన డబ్బాలు ఇంకా ఓ పది ఉన్నాయి, ఒక్కటీ పారేయను. మూడోసారి మూత తీసేసరికి వాడు ఒళ్ళోంచి జారాడు. పాకుతూ వచ్చి డబ్బా లాక్కున్నాడు. అప్పుడు వాళ్ళమ్మకు సైగ చేశాను, పరికిణీ కట్టమని. ఆడుతుండగానే కట్టేసింది.

సింహాసనం జోలికి పోలేదు. సాఫ్ట్‌బాక్సులు వెలిగించలేదు. గుమ్మానికి నాలుగడుగులు లోపల చాప పరిచాను. మా షాపు ఉత్తర ముఖం. వాస్తు బాగుందని నాన్న ఎక్కువ అద్దెకు తీసుకున్నారు. వాస్తు సంగతేమో గానీ, ఫిబ్రవరిలో సాయంత్రం దాకా ఎండ నేరుగా పడకుండా మెత్తటి వెలుతురు వస్తుంది. లోపలి ట్యూబ్‌లైట్లు ఆర్పేశాను. పాత ట్యూబ్‌లైటు సెకనుకు నూరుసార్లు మినుకుమంటుంది. మన కంటికి తెలియదు గానీ షట్టర్ స్పీడు పెంచితే కెమెరా పట్టేస్తుంది, ఒక ఫొటో తెల్లగా, పక్కది పచ్చగా వస్తుంది. పిల్లలు కదులుతుంటారు గనుక స్పీడు తగ్గించలేం. సెకనులో నాలుగు వందలో వంతు పెట్టాను. వెలుతురును కెమెరా ఎంత చురుగ్గా పట్టాలో చెప్పే ఐఎస్‌ఓ 1600, లెన్స్ లోపలి రంధ్రం, అంటే ఎపర్చర్, 2.8. ఇంకా తెరవొచ్చు, వెనకాల బాగా మసకేసి అందంగా ఉంటుంది. కానీ వాడు కాస్త వెనక్కి జరిగితే చాలు, ముక్కు స్పష్టంగా వచ్చి కళ్ళు పోతాయి.

భోజనాలు చేసి వచ్చిన జనాన్ని గుమ్మం బయటే ఆపాను. నాయనమ్మగారిని ఒక్కరినే లోపలికి రమ్మని నా వెనకాల, నా తలకు ఆనుకునేంత దగ్గర్లో కూచోబెట్టాను. "మీరు ఏమీ పిలవొద్దు. రోజూ వాడికి అన్నం పెట్టేటప్పుడు ఏం మాట్లాడతారో అదే మాట్లాడండి" అన్నాను. ఆవిడ మొదట బిగుసుకుపోయారు. కాసేపటికి గొంతు సర్దుకుని, కాకి ముద్ద, పిచ్చుక ముద్ద అంటూ మొదలుపెట్టారు.

పిల్లాడు డబ్బా ఊపడం ఆపాడు. గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికాడు. నా మొహం దాటి, భుజం మీదుగా ఆవిణ్ణి చూశాడు. ముందు కళ్ళు నవ్వాయి, నోరు తర్వాత తెరుచుకుంది, కింద రెండు పాలపళ్ళు, వాటి మధ్య చొంగ తీగ. జడ ఒక పక్కకి ఒరిగి ఉంది, కనకాంబరాలు సగం రాలాయి. పాపిటబిళ్ళ కనుబొమ్మ మీదకి దిగింది. కళ్ళలో మా గుమ్మం నలుచదరంగా, తెల్లగా మెరుస్తోంది. ఆరు తీశాను. ఏడోదానికి వాడు లెన్స్ మూత నోట్లో పెట్టుకున్నాడు. అదీ తీశాను.

మొత్తం నాలుగు నిమిషాలు. బయట బాబాయి "అయిపోయిందా? నేను రానా?" అంటున్నాడు.

స్క్రీన్ మీద చూపిస్తే తల్లి ఏమీ మాట్లాడలేదు, కొంగుతో స్క్రీన్ తుడిచింది. నాయనమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని ముందు జడ చూశారు. "పూలు రాలిపోయాయే" అన్నారు. తర్వాత "ఈ వెనకాల ఆ సింహాసనం పెట్టడానికి వీలవుతుందా బాబూ, కంప్యూటర్లో?" అని అడిగారు. వీలవుతుంది. పెట్టాను. పన్నెండు బై పద్దెనిమిది సైజు, సింహాసనంతో, పాపిటబిళ్ళ నిటారుగా జరిపి, వాళ్ళ హాల్లోకి. సింహాసనం లేనిది చిన్న సైజులో ఒక్కటి ప్రింటు తీసి తల్లికి విడిగా కవర్లో పెట్టిచ్చాను, డబ్బులు తీసుకోలేదు. షోకేసులో పెట్టుకోవచ్చా అని అడిగితే వద్దన్నారు, దిష్టి. ఆ మాట అడగకుండా ఏ పిల్లల ఫొటో బయటపెట్టను, ఫోన్ స్టేటస్‌లో కూడా.

నాలుగో రోజున ఫ్రేము కోసం వచ్చారు. పిల్లాడు నున్నటి గుండుతో, గుండుకు గంధంతో, బనీనులో ఉన్నాడు. నాయనమ్మగారు పొట్లం విప్పి లడ్డూ ముక్క చేతిలో పెట్టబోయారు. నా మెడలో కెమెరా వేలాడుతోంది, అప్పుడే ఎవరిదో పాస్‌పోర్ట్ సైజు ఫొటో తీసి వచ్చాను. వాడు కెమెరాను చూశాడు, నన్ను చూశాడు. కింది పెదవి మెల్లగా ముందుకు రావడం మొదలైంది.

కెమెరా తీసి కౌంటరు కింద పెట్టేసి, రెండు చేతులూ చాపి లడ్డూ తీసుకున్నాను.